మీ వీధిలో షూటింగా? యూనిట్ దిగకముందే తేల్చుకోవాల్సినవి

షూటింగ్ అనగానే హీరోని దగ్గర్నుంచి చూడొచ్చన్న సందడే ముందు మొదలవుతుంది. తెర మీద రెండు నిమిషాలుండే సీన్ కోసం సందు మొత్తం రోజుల తరబడి మూతపడుతుందన్న సంగతి జనరేటర్ వ్యాన్ వచ్చి ఆగాక గానీ తట్టదు. అప్పటికి షరతులు పెట్టే సమయం దాటిపోతుంది. కాబట్టి వీధివాళ్లంతా ముందే ఒకచోట కూర్చోండి. యూనిట్‌తో మాట్లాడటానికి ఇద్దరిని ఎంచుకోండి.

మొదట లొకేషన్ మేనేజర్‌ని అనుమతి పత్రం చూపించమనండి. ఏ తేదీలు, ఏ వేళలు, ఏ దారి మూస్తారు, తుపాకులు, పొగ, పేలుళ్లు ఉన్నాయా అన్నవి అందులో చూడండి. రాత్రి ఎన్నింటికి ప్యాకప్ చెబుతారో రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు ఉంటారు కాబట్టి పగటి చప్పుడు గురించి కూడా మాట్లాడాలి. సింక్ సౌండ్ (డబ్బింగ్ లేకుండా అక్కడికక్కడే మాటలు రికార్డు చేయడం) అయితే టేక్ జరుగుతున్నంతసేపూ మీ మోటార్లు, మిషన్లు ఆపమంటారు.

అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టాల్సింది అంబులెన్స్ దారి గురించి. ఇరుకు వీధిలో ఒక వైపు క్యారవాన్లు, ఇంకో వైపు లైట్ల స్టాండ్లు నిలిపితే మధ్యలో మనిషి నడవడమే కష్టం. స్ట్రెచర్ ఎలా వస్తుంది? ఫైరింజన్ ఎక్కడ ఆగుతుంది? మంచాన పడ్డవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో ఆ ఇంటివాళ్లను అడిగి రాసుకోండి. కబురు అందగానే షాట్ మధ్యలోనైనా దారి వదిలే బాధ్యత ఎవరిదో పేరు, ఫోన్ నంబరుతో సహా తీసుకోండి. ‘చూసుకుంటాం లెండి’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

సినిమా లైట్లలో 18 కిలోవాట్లవి కూడా ఉంటాయి. వాటికి కరెంటు మోసే లావుపాటి కేబుళ్లు మీ గుమ్మాల ముందు నుంచే పోతాయి. దాటే చోటల్లా కేబుల్ ర్యాంపులు (కేబుళ్లను కప్పే వాలు పలకలు) వేయించండి, నీళ్లు నిలిచే చోట జాయింట్లు లేకుండా చూడండి. జనరేటర్‌ని కిటికీల కింద అస్సలు పెట్టనివ్వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చేసి వైద్యసాయం తీసుకోండి.

తుపాకీ సీన్లుంటే పిల్లల్ని బారికేడ్ దగ్గరకు పోనివ్వకండి. గుండు లేకుండా మందు మాత్రమే ఉండే బ్లాంక్ తూటా కూడా దగ్గర్నుంచి ప్రాణం తీస్తుంది. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ సెట్‌లో అలాంటి తూటా పేలి గాయపడి, కొద్ది రోజులకే చనిపోయారు. కాల్పులు ఏ వేళకో ఇంటింటికీ ముందే చెప్పించండి. నిజమైన హింస చూసిన మనిషికి ఆ చప్పుడు నటనలా వినపడదు.

డబ్బు దగ్గర ఒక అన్యాయం తరచూ జరుగుతుంది. కెమెరాకి కనిపించే ఇంటి యజమానికి అద్దె ముడుతుంది, బారికేడ్ వెనక చిక్కుకున్న చిన్న దుకాణానికీ తోపుడుబండికీ పైసా రాదు. బేరం వీధంతటి తరఫునా జరగాలి.

సీన్ ఏమిటో కూడా అడగండి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు శుభ్రంగా ఉన్న సందులో చెత్త పోసి, గోడలు మసిపూసి దాన్ని నేరస్తుల అడ్డాగా చూపించవచ్చు. అక్కడ పెరిగే పిల్లలు రేపు ఆ పేరు మోయాలి. మీ దుకాణం బోర్డు, మీ పిల్లల ముఖాలు వాడాలంటే సంతకం అడుగుతారు. చదవకుండా పెట్టకండి.

యూనిట్ రాకముందే గోడలు, మెట్లు, గేట్లు, మొక్కలు ఫోటోలు తీసి పెట్టుకోండి. డిపాజిట్ ముందే తీసుకోండి. ప్యాచ్‌వర్క్‌కి (మిగిలిపోయిన చిన్న షాట్ల కోసం) మళ్లీ వస్తారేమో అడగండి, వచ్చేలా ఉంటే ఆ పని కూడా పూర్తయి మేకులు, రంగులు తీసేశాకే డిపాజిట్ తిరిగివ్వండి.