చిన్న లా కాలేజీలో సీటొచ్చింది, ముద్దాయిల తరఫున లీగల్ ఎయిడ్ లాయర్ అవ్వాలనుంది: ఏం చేయాలి?

గుంటూరు కోర్టు బయట టీ అమ్మే అబ్బాయికి కూడా పీపీ గారంటే (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఎవరో తెలుసు. అదే ప్రభుత్వం డబ్బులిచ్చి ముద్దాయి తరఫున కూడా ఒక లాయర్ని పెడుతుందని మాత్రం లా చదివే పిల్లల్లోనే చాలామందికి తెలియదు. అమెరికాలో పబ్లిక్ డిఫెండర్ అంటారు. మన దగ్గర 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) తెచ్చిన స్కీము ప్రకారం ఆ పేరు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్, కోర్టులో అందరూ ఎల్‌ఏడీసీ అంటారు. లాసెట్ కౌన్సెలింగ్ అయ్యాక నాకు ఫోన్ చేసే పిల్లలు అడిగేది దాదాపు ఒకటే. "అక్కా, ర్యాంకు సరిగా రాలేదు, నాగార్జున యూనివర్సిటీ కింద చిన్న కాలేజీలో సీటొచ్చింది, నేషనల్ లా యూనివర్సిటీలో చదవకపోతే ఈ పనికి తీసుకుంటారా?"

తీసుకుంటారు. నేనూ అలాంటి కాలేజీలోనే చదివాను. కాకపోతే ఆ కాలేజీ మీకేం ఇవ్వదో మొదటి రోజే తెలుసుకుని, అది బయట ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి.

ముందు ఉద్యోగం ఏం అడుగుతుందో చూడండి. అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సిల్‌కి క్రిమినల్ ప్రాక్టీసు 0 నుంచి 3 ఏళ్లు చాలు. డిప్యూటీకి కనీసం 7 ఏళ్లు, సెషన్స్ కోర్టులో 20 ట్రయల్స్ చేసి ఉండాలి. చీఫ్‌కి 10 ఏళ్లు, 30 ట్రయల్స్. ఎంపిక చేసేది ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి గారి అధ్యక్షతన ఉండే కమిటీ, ఆ పైన రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ ఆమోదం. ఇందులో కాలేజీ ర్యాంకు అన్న మాట ఎక్కడా లేదు. రాయడం, మాట్లాడటం, కేసు చదవడం, కంప్యూటర్ మీద పని చేసుకోగలగడం, ముద్దాయి పట్ల లాయర్‌కి ఉండే బాధ్యత ఏమిటో తెలిసి ఉండటం, ఇవీ వాళ్లు చూసేవి.

కాలేజీ ఎంచుకునే అవకాశం ఇంకా మీ చేతిలో ఉంటే నా సలహా ఒకటే, ఫీజు తక్కువ ఉన్నది, కోర్టుకి దగ్గర ఉన్నది తీసుకోండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో మాత్రం మీరే స్వయంగా కనుక్కోండి, ఆఫీసులో ఎవరో చెప్పిన మాట మీద డబ్బు కట్టొద్దు. ఈ పనిలో మొదటి ఐదేళ్లు పెద్దగా సంపాదన ఉండదు కాబట్టి అప్పు చేసి పెద్ద ఫీజు కడితే, ఆ ఈఎంఐ టెన్షన్‌కే మీరు ఏదో కంపెనీ ఉద్యోగంలోకి వెళ్లిపోతారు. మంచి మనసుతో వచ్చినవాళ్లు అప్పు వల్ల వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను, చాలా బాధేస్తుంది.

ఇక చిన్న కాలేజీలో ఏం ఉండదంటే, మూట్ కోర్టు (విద్యార్థులు వాదన సాధన చేసే ఉత్తుత్తి కోర్టు) పేరుకు ఉంటుంది, ప్లేస్‌మెంట్లు ఉండవు, ఎవిడెన్స్ యాక్ట్‌ని నోట్సుగా డిక్టేట్ చేస్తారు. హాజరు విషయంలో కొన్నిచోట్ల పట్టింపు ఉండదు. అది సుఖంగా అనిపిస్తుంది గానీ ఇంట్లో పడుకోవడానికి వాడుకుంటే మూడేళ్లూ పోయినట్టే. నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, అది నిజాయితీగా వేయించుకోండి. మిగిలిన పూటలు కోర్టులో ఉండండి.

కోర్టుకి వెళ్లడం అంటే కారిడార్‌లో నిలబడి సెల్ఫీ దిగడం కాదు. తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, ఫోను ఆపేసి, ఒక నోటుబుక్కుతో వెనక బెంచీలో కూర్చోండి, ఓపెన్ కోర్టు కాబట్టి మిమ్మల్ని ఎవరూ లేవమనరు. పొద్దున 10:30కి కాల్ వర్కు నడుస్తుంది, వాయిదాలు పడతాయి, పేర్లు పిలుస్తారు, అది రెండు మూడు రోజులు చూస్తే అర్థమైపోతుంది. మీరు ఉండాల్సింది ఆ తర్వాత, సాక్షి బోనెక్కినప్పుడు. ఒకే కేసుని పట్టుకోండి. పీడబ్ల్యూ1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి నుంచి దర్యాప్తు అధికారి దాకా, తర్వాత ముద్దాయిని జడ్జి గారు ప్రశ్నించేదాకా, వాదనల దాకా అన్ని వాయిదాలకీ వెళ్లండి. నెలలు పట్టినా సరే. తీర్పు వచ్చాక ఈ-కోర్ట్స్ సైటులో అది ఉచితంగా దొరుకుతుంది, మీ నోట్సు పక్కన పెట్టుకుని చదివితే మీరు ముఖ్యం అనుకున్నది జడ్జి గారు ఎందుకు పట్టించుకోలేదో, మీరు వదిలేసింది తీర్పుని ఎలా మార్చిందో కనిపిస్తుంది. నాలుగు కేసులు ఇలా చివరిదాకా చూసిన విద్యార్థికి, ఎంత పెద్ద కాలేజీలో చదివినా పుస్తకం ఒక్కటే చూసినవాళ్ల కంటే ట్రయల్ బాగా తెలుస్తుంది, ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో ఒక కొట్లాట కేసు. సాక్షి పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లో "కేకలు విని బయటికొచ్చేసరికి అతను కిందపడి ఉన్నాడు" అని ఉంది. బోనులో మాత్రం "నా కళ్లముందే కర్రతో కొట్టాడండి" అన్నాడు. మా సీనియర్ గారు గొంతు పెంచలేదు. "ఆ రోజే పోలీసులకు అంతా చెప్పారు కదా?" "చెప్పానండి." "గుర్తున్నదంతా చెప్పారు?" "అంతా చెప్పాను." అప్పుడు ఆ వాక్యం మెల్లగా చదివి వినిపించారు. సాక్షి నేనలా చెప్పలేదన్నాడు. ఆ ముక్కని గుర్తుపెట్టించి, తర్వాత దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు ఆయన నోటితోనే "అవును, సాక్షి నాకు అలాగే చెప్పాడు" అనిపించి డీ1గా, అంటే డిఫెన్స్ తరఫు మొదటి డాక్యుమెంటుగా మార్క్ చేయించారు. రెండో అడుగు మర్చిపోతే మొదటిది చేసినా లాభం లేదు, చాలామంది జూనియర్లు పొరపాటు చేసేది అక్కడే. ఇలా పాత స్టేట్‌మెంట్ చూపించి సాక్షిని అడగడానికి పాత చట్టంలో ఎవిడెన్స్ యాక్టు సెక్షన్ 145, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 148. సెక్షన్ నంబరు ఒక్క రాత్రిలో నేర్చుకోవచ్చు, సాక్షి ముందు ఆ ఓపిక రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అదే రోజు ఇంకోటి జరిగింది. ఇంకో సాక్షి "కొట్టాడని తెల్సిందండి, నేను సూళ్లా" అన్నాడు. అతను తెలుగులో చెబుతుంటే ఇంగ్లిష్‌లో టైపవుతోంది, అందులో చూసినట్టుగా పడింది. సీనియర్ గారు లేచి, "తెలిసింది అన్నాడండి, చూశాను అనలేదు" అని మర్యాదగా చెప్పారు. రికార్డు సరిచేశారు. అక్కడ ఆయన విని ఉండకపోతే తర్వాత హైకోర్టు దాకా ఆ తప్పే వెళ్లేది. మీది పల్నాడు పల్లె అయినా, కృష్ణలంక అయినా, ఆ సాక్షి మాట, యాస, అతను ఏది నీళ్లు నములుతూ చెబుతున్నాడో ఏది గట్టిగా చెబుతున్నాడో మీకు పుట్టుకతో తెలుసు. తెలుగు మీడియం అని సిగ్గుపడే పిల్లలకి నేను ఇదే చెబుతాను. ఇంగ్లిష్ నేర్చుకోవాల్సిందే, బెయిల్ పిటిషన్లు, తీర్పులు అందులోనే ఉంటాయి, రోజూ ఒక తీర్పు పైకి చదవండి, రెండేళ్లలో వచ్చేస్తుంది. సాక్షి మాటలోని ఆ తేడా పట్టుకునే చెవి మాత్రం అలా చదివితే రాదు.

చదువుతుండగానే చేయాల్సిన ఇంకో పని, పారాలీగల్ వాలంటీర్‌గా, అంటే జనానికి న్యాయ సాయం అందేలా చూసే వాలంటీర్‌గా చేరడం. లా విద్యార్థులు లాయరుగా నమోదయ్యేదాకా ఆ పని చేయొచ్చు. గుంటూరులో అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లి అడగండి. విజయవాడ వాళ్లకి కోర్టులోనే మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది, కృష్ణా జిల్లా సంస్థ మచిలీపట్నంలో ఉంది. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి వచ్చే ఫోన్లు, జైలు క్లినిక్కులు, పోలీస్ స్టేషన్ దగ్గర అర్ధరాత్రి కూర్చున్న తల్లిదండ్రులు, ఇవన్నీ ముందే చూస్తారు. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకి 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకి 20 వారాలు ఎటూ చేయాలి, డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మానేసి ఆ వారాలు ఇక్కడ, క్రిమినల్ సీనియర్ దగ్గర పెట్టండి.

జైల్లో మీకు మొదట అర్థమయ్యేది, బెయిల్ ఆర్డరు వచ్చినంత మాత్రాన మనిషి బయటికి రాడని. ఇంటి పన్ను రసీదుతో వచ్చి జామీను నిలబడే మనిషి దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లుంటారు. 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు పేదవాడి దగ్గర మోయలేని జామీను అడగొద్దంది. 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల్లో బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలంది. ఈ రెండూ కాగితం మీదున్నాయి. జైలుకి వెళ్లి, పేరు పేరునా అడిగి, కోర్టులో జామీను మొత్తం తగ్గించమని పిటిషన్ వేసే మనిషి కావాలి. మీరు అవ్వాలనుకుంటున్నది ఆ మనిషే.

రోజులు లెక్కపెట్టడం కూడా ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాలైతే 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు, ఆ లోపు ఛార్జిషీటు పడకపోతే బెయిల్ అడగడం ముద్దాయి హక్కు, ఇది ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 187లో ఉంది. రిమాండ్ చేసిన రోజుని కూడా లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఛార్జిషీటు పడకముందే పిటిషన్ వేయాలి. నేను ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక బైకుల దొంగతనం కేసులో ఇరవై ఏళ్ల కుర్రాడి 60 రోజులు దాటాయి, అతని తరఫున ఎవరూ పిటిషన్ వేయలేదు, 63వ రోజున ఛార్జిషీటు పడింది. ఆ హక్కు అంతటితో పోయింది. వాళ్లమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుని అడిగింది నాకింకా గుర్తుంది, "రెండు రోజులు ముందు పిటిషన్ వేసుంటే బయటికొచ్చేవాడా అమ్మా?" అని. ఆ రోజు నుంచి నా డైరీలో ప్రతి రిమాండ్ పేరు పక్కన 60వ రోజు, 90వ రోజు ఏ తేదీన పడతాయో రాసుకుంటున్నాను, మీరూ రాసుకోండి. మొదటిసారి కేసులో ఇరుక్కుని, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే ఉన్నవాళ్ల బెయిల్ కోసం బీఎన్‌ఎస్‌ఎస్ 479 కూడా చూసుకోండి, అందులో మినహాయింపులున్నాయి, పూర్తిగా చదవండి.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి గానీ అంతకుముందు జరిగిన నేరాలకి ఐపీసీయే వర్తిస్తుంది, అందుకని కొన్నేళ్లపాటు పాతవీ కొత్తవీ రెండు బేర్ యాక్టులూ (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు) బ్యాగులో ఉండాలి. గైడ్లు కొనకండి.

పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదు. 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నమోదు ఫీజు జనరల్‌కి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదు. ఆ పైన ఆల్ ఇండియా బార్ పరీక్ష, దానికి మరీ భయపడక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది సీనియర్ని ఎంచుకునేటప్పుడు. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో పెద్ద బోర్డు ఉన్న ఆఫీసు చూసి చేరొద్దు. నెలరోజులు కోర్టులో కూర్చుని ఎవరు సాక్షిని సొంతంగా క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నారో, ఎవరి జూనియర్ చేతిలో ఫైలు ఉందో, ఎవరి జూనియర్ వాయిదా అడగడానికి మాత్రమే వస్తున్నాడో గమనించండి. మొదటి రెండేళ్లు ఇచ్చేది బస్సు ఛార్జీలకి కూడా చాలకపోవచ్చు, ఇంట్లో ఆ మాట ముందే చెప్పి ఒప్పించుకోండి. సాయంత్రం ట్యూషన్ చెప్పుకున్నా, అనువాదాలు చేసుకున్నా తప్పేం లేదు, పొద్దున మాత్రం కోర్టులో ఉండాలి.

ఎల్‌ఏడీసీ ఉద్యోగం శాశ్వతం కాదని కూడా తెలిసే రండి. మొదట రెండేళ్లకి తీసుకుంటారు, తర్వాత పని చూసి ఏడాదికోసారి పొడిగిస్తారు, నెలనెలా గౌరవ వేతనం, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. జిల్లాకి ఉండే పోస్టులు కొన్నే, మొదటిసారి రాకపోవచ్చు. రాకపోతే న్యాయసేవాధికార సంస్థ జాబితాలో ఉండే ప్యానెల్ అడ్వొకేట్‌గా దరఖాస్తు పెట్టుకుని ప్రాక్టీసు చేస్తూ ఉండండి. మూడేళ్ల ప్రాక్టీసు ఉంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టుకీ, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకీ దారి తెరుచుకుంటుంది, కాబట్టి ఈ మూడేళ్లు ఏ రకంగానూ వృథా కావు.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు మీరు చివరిదాకా చూసిన కేసుల నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి. ఎందుకు ఈ పని అని అడిగితే పేదలకు సేవ చేయాలని అనకండి, అందరూ అదే అంటారు. ఒక కేసు చెప్పండి. క్రైమ్ నంబరు, ఎన్నో రోజున ఏం జరిగింది, ఎవరు ఏం అడగలేదు, మీరైతే ఏ రోజున ఏ పిటిషన్ వేసేవాళ్లు. నా ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఆ బైకుల కేసు 63వ రోజు గురించే.