పేటలో పదిమంది కలిసి సంఘం నడపడం ఎలా: చెన్నై తెలుగువారికి కొన్ని సూచనలు

చెన్నైలో విల్లివాక్కం నుంచి ఆవడి వరకు రైలుమార్గం వెంట ఏ పేటలో చూసినా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు పదో ఇరవయ్యో కనిపిస్తాయి. నలుగురు కలిసినప్పుడల్లా మనకూ ఒక సంఘం ఉంటే బాగుండునన్న మాట వస్తుంది. ఆ మాట వచ్చిన వారంలోపే వాట్సాప్‌లో గ్రూపు, నెలలోపే పేరు, బ్యానరు, ఒక అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు సిద్ధమవుతారు. ఏడాది తిరిగేసరికి ఆ గ్రూపులో పండుగ శుభాకాంక్షలు తప్ప మరేమీ మిగలదు. అంబత్తూరు ప్రాంతంలో అటువంటి సంఘాలు రెండింటిలో పనిచేసి, ఒకటి మూతపడటాన్నీ మరొకటి నిలదొక్కుకోవడాన్నీ దగ్గరుండి చూసిన అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను. ముందు పని మొదలుకావాలి, పనితోపాటే లెక్కపుస్తకం తెరవాలి, పేరూ పదవులూ ఆ తర్వాత రావాలి. మేము మొదటిసారి ఈ వరుసను తలకిందులు చేశాము.

మొదటి మనుషులు, మొదటి పని

ప్రారంభానికి ఏడెనిమిది మంది చాలు. అయితే వారిని ఎంచుకొనేటప్పుడు "నేనున్నాను, మీరు కానివ్వండి" అనేవారికన్నా "ఆదివారం పొద్దున పది నుంచి పదకొండున్నర దాకా నేను రాగలను" అని గంటతో సహా చెప్పేవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఫోన్‌లో అడిగితే అందరూ సరేనంటారు కాబట్టి ఇంటికి వెళ్లి అడగడం మంచిది. ఉద్యోగం చేసే మగవారిని మాత్రమే పిలిచి వారి ఇళ్లలోని ఆడవారిని, పదవీ విరమణ చేసినవారిని మరచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పగటిపూట పేటలో ఉండేది వారే, ఎవరింట్లో ఏమి జరుగుతున్నదో తెలిసినదీ వారికే.

మొదటి కార్యక్రమంగా ఉగాదినో సంక్రాంతినో పెట్టుకోవద్దని నా సలహా. పండుగ సభ అంటే హాలు అద్దె, మైకు, భోజనాలు, శాలువాలు. చేతిలో ఉన్న డబ్బు, ఓపిక రెండూ ఒక్క సాయంత్రంతో ఖర్చయిపోయి, మరుసటి ఆదివారం ఏమి చేయాలో ఎవరికీ తోచదు. దానికి బదులు ప్రతి వారమో ప్రతి నెలో తిరిగి వచ్చే చిన్న పనిని ఒక్కదాన్ని ఎంచుకోవాలి. చెన్నైలో తెలుగువారి సంఘానికి బాగా కుదిరే పని పిల్లలకు తెలుగు చదవడం నేర్పడం. ఇక్కడి బళ్లలో 2006 నాటి చట్టం వల్ల తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. అది న్యాయమే, ఈ ఊళ్లో బతికే పిల్లలకు తమిళం అవసరమే. కాని ఇంట్లో ధారాళంగా తెలుగు మాట్లాడే పిల్లవాడు అమ్మమ్మ రాసిన చీటీని చదవలేకపోవడం మాత్రం మనం సరిదిద్దుకోవలసిన లోటు. రెండు చాపలు, ఒక నల్లబల్ల, ఎవరి ఇంటి ముందుగదైనా సరిపోతుంది. అక్షరమాలను వరుసగా వల్లె వేయించే బదులు పిల్లల పేర్లు, ఇంటిపేర్లు, తిరుపతి బస్సు బోర్డు, కిరాణా చీటీ వంటి వాటితో మొదలుపెడితే నాలుగు వారాల్లో కొంత చదవగలుగుతారు. తరగతి జరుగుతున్నంతసేపూ కనీసం ఇద్దరు పెద్దలు గదిలో ఉండాలన్న నియమాన్ని ఎంత నమ్మకమైన ఉపాధ్యాయుడికైనా సడలించకూడదు.

రక్తదాన శిబిరం కూడా చిన్న సంఘం చేయగలిగిన పనే. అయితే రక్తం సేకరించవలసింది లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు వారే. సంఘం చేయవలసింది గాలి, వెలుతురు ఉన్న గదిని చూపడం, దాతలను తీసుకురావడం. పద్ధెనిమిది నుంచి అరవై అయిదేళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిన్ ఉన్నవారే ఇవ్వవచ్చుననీ, మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి మాత్రమే ఇవ్వాలనీ ముందే చెప్పి ఉంచితే, వచ్చినవారిని వెనక్కు పంపవలసిన ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

వానకాలపు జాబితా

చెన్నైలో ఏ పేట సంఘమైనా తప్పక చేయవలసిన పని ఇది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు నది పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల కరెంటు పోయింది, దాని వెంటే ఫోన్లూ మూగబోయాయి. అటువంటి రోజున వాట్సాప్ గ్రూపు ఎంత పెద్దదైనా ఉపయోగపడదు. సాయం చేయడానికి వచ్చినవారు లేకపోలేదు, ఏ ఇంటికి ముందు వెళ్లాలో తెలియక తిరిగారు.

అందుకని సెప్టెంబరులోనే ఇద్దరిద్దరు చొప్పున వీధులు పంచుకొని, ఇంటింటికీ వెళ్లి, కాగితం మీద ఒక జాబితా తయారుచేయాలి. నేలమట్టపు ఇల్లు ఎవరిది, ఆ ఇంట్లో లేవలేని పెద్దవారు ఉన్నారా, ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవలసినవారు ఉన్నారా, డయాలిసిస్‌కు వెళ్లేవారు ఉన్నారా, నెలలు నిండిన గర్భిణి ఉన్నదా, నీళ్లు వస్తే మేడమీద ఎవరి వాటాలోకి వెళ్లగలరు, ఇవి రాసుకుంటే చాలు. ఆదాయం, కులం, సొంత ఇల్లా అద్దె ఇల్లా వంటివి అడగవద్దు. అడిగితే రెండో ఇంటి తలుపు తెరుచుకోదు. ఈ జాబితాలో తెలుగు ఇళ్లు, తమిళ ఇళ్లు అన్న తేడా ఉండకూడదని ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం లేదనుకుంటాను, నీళ్లు ఆ తేడా చూడవు. మూడు ప్రతులు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూడు మేడల మీద మూడు ఇళ్లలో ఉంచాలి. అందులో ఇతరుల ఆరోగ్య విషయాలు ఉంటాయి కాబట్టి దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు. వానలు వెనకపట్టాక పాత ప్రతులను చింపివేసి, మరుసటి సెప్టెంబరులో కొత్తగా రాయాలి. ఏడాదిలో అద్దె ఇళ్లు మారతాయి, కొందరు పెద్దవారు కాలం చేస్తారు.

అదే నెలలో వీధిలోని వాననీటి కాలువల మూతలను, పూడికను చూసి ఫిర్యాదు చేయాలి. చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913. ఫిర్యాదు నమోదు సంఖ్యను తేదీతో సహా పుస్తకంలో రాసుకోకపోతే ఆ ఫిర్యాదు చేయనట్లే లెక్క.

తమిళ లిపిలో తెలుగు

నోటీసుల గురించి ఒక మాట. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలలో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. తెలుగు లిపిలో మాత్రమే నోటీసు అంటిస్తే సగం పేటకు అది చేరదు. కొందరు తెలుగునే తమిళ లిపిలో రాసి పంపుతారు. అది పని చేస్తుంది కాని ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరం ఒక్కటే కావడం వల్ల గంటకూ కంటకూ తేడా తెలియదు. మేము ఒకసారి "పది గంటలకు" అని రాసిన నోటీసును ఒక అబ్బాయి "పది కంటలకు" అని పైకి చదివి సభనంతా నవ్వించాడు. తేదీ, సమయం, చోటు అంకెలతో పెద్దగా రాసి, మిగతా విషయాన్ని తెలుగులోనూ తమిళంలోనూ క్లుప్తంగా ఇవ్వడం మంచి పద్ధతి. కార్యవర్గంలో చక్కగా తమిళం రాయగలిగినవారు ఒక్కరైనా ఉండాలి, ఎందుకంటే కార్యాలయాలకు వెళ్లే అర్జీలు తమిళంలో ఉంటేనే త్వరగా కదులుతాయి.

అర్జీ రాసేటప్పుడు ఎవరికి రాస్తున్నామో ముందు తేల్చుకోవాలి. అంబత్తూరు 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. దాని పక్కనే ఉన్న ఆవడి 2019 నుంచి వేరే కార్పొరేషన్. వాననీటి కాలువ కార్పొరేషన్‌ది, మురుగు కాలువ, తాగునీరు మెట్రో వాటర్ వారివి, కొన్ని పెద్ద రోడ్లు హైవేస్ శాఖవి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, ఒకే కార్యాలయానికి వెళ్లాలి, ముద్ర వేసిన ప్రతి మన దగ్గర ఉండాలి. ఈ ఊరి తెలుగువారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ రైతుల కష్టాలను, పన్ను వసూలులో జరిగే హింసను లండన్ పార్లమెంటుకు అర్జీ రూపంలో పంపింది. అంతటితో ఊరుకోక, మరుసటి ఏడాది మద్రాసు వచ్చిన పార్లమెంటు సభ్యుడిని లక్ష్మీనరసు చెట్టి స్వయంగా జిల్లాలకు తీసుకువెళ్లి చూపించాడు. 1854లో ఆ హింస మీద విచారణ సంఘం ఏర్పడింది. మనది పూడిన కాలువే కావచ్చు, కాని ఇంజనీరును పిలుచుకువచ్చి చూపించడమన్నది కాగితంకంటే బాగా పనిచేస్తుంది.

డబ్బు, లెక్క, రిజిస్ట్రేషన్

మా మొదటి సంఘం సంక్రాంతి సభలో మిగిలిన నాలుగువేల మూడువందల రూపాయల దగ్గర ఆగిపోయింది. ఎవరూ తినలేదు. హాలువాడికి ఇచ్చిన అడ్వాన్సులో తిరిగి వచ్చినది కొంత, చివరి నిమిషంలో ఒకరు చేతినుంచి పెట్టుకున్నది కొంత, రసీదు లేని పూల ఖర్చు కొంత కలిసిపోయి, మిగిలింది ఎవరి చేతిలో ఉన్నదో చెప్పలేని స్థితి వచ్చింది. అడిగితే అనుమానించినట్లు అవుతుందని ఎవరూ అడగలేదు, అడగకపోవడం వల్లనే అనుమానం పెరిగింది. కాబట్టి మొదటి రూపాయి వచ్చిన రోజునే పేజీలకు నంబర్లు వేసిన ఒక నోటుపుస్తకం, కార్బన్ ప్రతి ఉండే ఒక రసీదు పుస్తకం కొనాలి. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం మరొకరి దగ్గర ఉండాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పుస్తకంలోని పేజీని అందరి ముందు చదవాలి, ఆ నెల ఖర్చు ఒక చాక్‌పీసు డబ్బా మాత్రమే అయినా సరే. ఎవరైనా చేతినుంచి ఖర్చు పెడితే అది విరాళమా అప్పా అన్నది ఆ రోజే రాయించాలి.

పని ఆరు నెలలు నిలబడితే రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించవచ్చు. ఇక్కడ వర్తించేది తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975. కనీసం ఏడుగురు కలిసి మెమొరాండం (సంఘం పేరు, ఆశయాలు చెప్పే పత్రం), బైలాలు (సంఘం నడిచే నియమాలు) సిద్ధంచేసి, రిజిస్ట్రేషన్ శాఖలోని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. ఇరవై మంది సభ్యులున్నా, ఏడాది రాబడి గాని ఖర్చు గాని పదివేల రూపాయలకు తగ్గకుండా ఉన్నా ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదివేలంటే ఈ రోజుల్లో ఒక్క పండుగ భోజనాల ఖర్చు, కాబట్టి "మనది చిన్న సంఘం, మనకెందుకు" అనుకోవడం ఎక్కువ రోజులు చెల్లదు. కార్యవర్గంలో కనీసం ముగ్గురు ఉండాలి, వారి పదవీకాలం మూడేళ్లకు మించకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, జమాఖర్చుల పత్రాలనూ కార్యవర్గం వివరాలనూ రిజిస్ట్రారుకు పంపుతూ ఉండాలి. రిజిస్టర్ చేయించిన ఉత్సాహం రెండో ఏడాదికి చల్లారి, ఈ దాఖలాలు ఆగిపోయి, తర్వాత ఎప్పుడో బ్యాంకువారు అడిగినప్పుడు పాత సంవత్సరాలన్నిటికీ కలిపి పరుగెత్తే సంఘాలు ఎన్నో ఉన్నాయి. దాఖలా తేదీని కార్యదర్శి ఇంటి క్యాలెండరులోనే కాక కోశాధికారి ఇంటి క్యాలెండరులోనూ గుర్తుపెట్టించాలి.

బైలాలను ఎక్కడినుంచో తెచ్చి పేరు మార్చి వాడుకోవడం వాడుకగా ఉంది. అందులో తప్పేమీ లేదు కాని సభ్యత్వం ఎవరికి, రుసుము ఎంత, కోరం (సభ చెల్లడానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య) ఎంత, చెక్కు మీద ఎవరెవరి సంతకాలు అన్న నాలుగు విషయాలనైనా స్వయంగా చర్చించి రాసుకోవాలి. కోరం మరీ ఎక్కువ పెట్టుకుంటే ఏ సభా చెల్లదు, మరీ తక్కువ పెడితే ఇద్దరు మిత్రులే సంఘమైపోతారు. సభ్యత్వం పేటలో ఉండే ఎవరికైనా తెరిచి ఉండాలని నా అభిప్రాయం. కులసంఘాలు, ఊరిసంఘాలు నగరంలో వేరే ఉన్నాయి, వాటి పని వాటిది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు డబ్బు పంపుతామన్నప్పుడు తొందరపడకూడదు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారు పుట్టింది నెల్లూరులోనైనా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. కాబట్టి "పాస్‌పోర్టు ఏ దేశానిది నాయనా?" అని మొహమాటం లేకుండా అడగాలి.

చేతులు మారడం

పని అంతా నెత్తిన వేసుకొనే కార్యదర్శి ప్రతి సంఘానికీ ఒకరు దొరుకుతారు, అందరూ ఆయనను మెచ్చుకుంటారు, ఆయన కూతురి దగ్గరకు బెంగళూరు వెళ్లిపోయిన నెలలోనే సంఘం ఆగిపోతుంది. మా రెండో సంఘంలో ఈ ప్రమాదం దాదాపు జరగబోయి తప్పింది. అప్పటినుంచి ప్రతి బాధ్యతకూ ఒక జతగాడిని పెట్టి, ఏడాదిలో రెండు నెలలు అసలు బాధ్యుడు పక్కన కూర్చుంటే జతగాడే పని నడిపేలా ఏర్పాటు చేసుకున్నాము. కాలేజీ పిల్లలకు సభలో కుర్చీలు వేసే పని మాత్రమే అప్పగిస్తే వారు రెండోసారి రారు. జాబితా రాయడం, లెక్క చదవడం వంటి బాధ్యత గల పని ఇస్తే వస్తారు.

కాగితాలన్నీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాల కార్బన్ ప్రతులు, అర్జీల ముద్ర ప్రతులు, ఒక రేకుపెట్టెలో ఉండాలి. కార్యవర్గం మారినప్పుడు పెట్టెలో ఏమేమి ఉన్నాయో జాబితా రాసి, ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ సంతకం చేయాలి. ఒకనాడు సంఘాన్ని మూసివేయవలసి వస్తే మిగిలిన సొమ్ము సభ్యులు పంచుకోకుండా అటువంటి పనే చేసే మరో సంఘానికి వెళ్లాలని బైలాలో మొదటే రాసుకోవాలి. దానితోపాటు చాపలు, నల్లబల్ల, టార్చిలైట్లు ఎవరికి చేరాలో కూడా రాయించండి, మా మొదటి సంఘపు నల్లబల్ల ఇప్పటికీ ఎవరి మేడమీదో వానకు తడుస్తూ ఉంది.