డోర్ పొగకు డోర్‌నే తిట్టకండి

కోక్ ఓవెన్‌లో (బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్‌గా మార్చే కొలిమి) చార్జింగ్, అంటే బొగ్గు నింపడం, అయిన కాసేపటికే తలుపు అంచుల్లోంచి పసుపు పొగ. వెంటనే ఎవరో ఒకరు స్పానర్ పట్టుకుని నైఫ్ ఎడ్జ్ (తలుపు చుట్టూ ఫ్రేమ్‌కు ఆనుకునే సీలు అంచు) స్క్రూలు బిగించడానికి పరిగెడతారు. ఆగండి. ముందు అదే ఓవెన్ రెండో వైపుకు వెళ్లి చూడండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒకే తలుపు, ప్రతి చార్జికీ ఒకే చోట కారుతుంటే తప్పు తలుపుదే. అంచుకు పట్టిన తారు గీకించండి, ఆగకపోతే నైఫ్ ఎడ్జ్ సర్దండి, ఫ్రేమ్ వంగిందేమో చూడండి.

పుషర్ సైడ్ (కోక్‌ను తోసే వైపు), కోక్ సైడ్ (అది బయటికొచ్చే వైపు) రెండూ పొగ కక్కుతూ, పైన లిడ్ల (బొగ్గు పోసే రంధ్రాల మూతల) దగ్గర కూడా సన్నగా లేస్తుంటే మాత్రం లోపలి గ్యాస్‌కు దారి లేదన్నమాట. నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక ఓవెన్‌కు వరసగా తలుపులు మార్చాం, కొత్త తలుపుకూ అదే పొగ. కలెక్టింగ్ మెయిన్ (అన్ని ఓవెన్ల గ్యాస్ చేరే పెద్ద పైపు) గేజి ఎప్పటి అంకె మీదే ఉంది. దాన్ని నమ్మే మోసపోయాం. ఆ గేజి చెప్పేది మెయిన్ ప్రెజరు, ఓవెన్‌ది కాదు. రెంటికీ మధ్య గూస్‌నెక్ అనే వంపు పైపు ఉంది. ఏడెనిమిది వందల డిగ్రీలతో వచ్చే గ్యాస్ మీద అక్కడే నాజిల్‌తో అమోనియా లిక్కర్ (అమోనియా కలిసిన నీళ్లు) చల్లి 80-85 డిగ్రీలకు దించుతాం. నాజిల్ సగం మూసుకుపోతే గ్యాస్ చల్లారదు, తారు గట్టిపడి గోడలకు పేరుకుంటుంది, దారి ఇరుకవుతుంది. మెయిన్ నిమ్మళంగానే ఉంటుంది, ఓవెన్ లోపల మాత్రం ప్రెజరు పెరుగుతుంది. మొదటి గంటల్లో గ్యాస్ ఎక్కువ కాబట్టి అప్పుడే పొగ. తర్వాత అది తగ్గితే ‘సెట్ అయింది’ అనుకుని వదిలేస్తాం.

పుషింగ్ సమయంలో, ఓవెన్‌ను మెయిన్ నుంచి విడదీశాక ఆసెన్షన్ పైప్ (ఓవెన్ నుంచి గ్యాస్ పైకి పోయే నిలువు పైపు) మూత తీసి చూడండి. కార్బన్ ఉంటే కొట్టించండి. నాజిల్ విప్పి కడిగి, లిక్కర్ గొడుగులా విచ్చుకుంటోందో, ధారగా కారుతోందో కళ్లతో చూడండి. పక్క ఓవెన్లదీ అదే కథైతే లిక్కర్ లైన్‌లోని స్ట్రెయినర్ (జల్లెడ) తీయండి. అదీ తరచూ నిండుతుంటే డికాంటర్‌లో (లిక్కర్ నుంచి తారును వేరుచేసే తొట్టిలో) తారు సరిగా విడిపోవడం లేదు, అసలు పని అక్కడుంది.

నాజిల్ బాగుండీ పొగ వస్తే లెవెలింగ్ (పోసిన బొగ్గును పైన చదును చేయడం) చూడండి. బొగ్గు కుప్పగా మిగిలితే పైన గ్యాస్ నడిచే ఖాళీ మూసుకుపోతుంది.

చిమ్నీ నల్లబడితే చార్జింగ్ టైములతో సరిచూడండి. ఫలానా ఓవెన్ నింపినప్పుడల్లా నలుపు వస్తే ఓవెన్ గోడ పగిలి గ్యాస్ చిమ్నీ దారిలోకి పోతోంది, సిరామిక్ వెల్డింగ్ (వేడి మీదే పగుళ్లు పూడ్చడం) చేయించాలి. రోజంతా నలుపుంటే ఓవెన్లను వేడిచేసే మంటలో గాలి, గ్యాస్ పాళ్లు కుదరలేదు. తోసేటప్పుడు పొగ వస్తే కోక్ పచ్చిగా ఉంది, పొగ పీల్చే హుడ్‌ను తిట్టి లాభం లేదు. క్వెంచింగ్ టవర్‌లో (కోక్‌ను నీళ్లతో చల్లార్చే చోట) దుమ్ము కనబడితే దాన్ని ఆపే లోపలి పలకలు ఊడాయేమో చూడండి, అంతే. విశాఖ ఉక్కులో మాదిరి నైట్రోజన్‌తో పొడిగా చల్లార్చే చోట దుమ్ము బెడద వేరే రకం.

పొగ కారే తలుపులు పాత బ్యాటరీల్లో (ఓవెన్ల వరసల్లో) 10 శాతం, కొత్తవాటిలో 5 శాతం దాటకూడదన్నది 2012 కేంద్ర నిబంధన. ఆ లెక్క తనిఖీ రోజు పొద్దున కాదు, చార్జింగ్ అయిన వెంటనే తీయండి.