చైనా సిరా బొమ్మలు చూడటం ఎలా? మూడో పాఠం: కుంచె ఎక్కడ మునిగింది

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? టిష్యూ మీద ఒక సిరా చుక్క, డ్రాయింగ్ షీటు మీద ఒకటి. మొదటిది పాకిపోయి ఉంటుంది, రెండోది పెద్దగా కదిలి ఉండదు. చైనాలో అన్‌హుయి రాష్ట్రంలో చేసే శ్వాన్ కాగితంలో పటిక పట్టించని పచ్చి రకం టిష్యూ లాంటిదే, తడి తగలగానే పీల్చేస్తుంది. చెరపడానికి లేదు, పైన ఇంకోటి పూసి కప్పడానికీ లేదు. అందుకే చెయ్యి ఎలా కదిలిందో కాగితం మీద ఉన్నదున్నట్టు మిగిలిపోతుంది. ఈసారి దాన్ని పట్టుకుందాం.

ఎగ్జిబిషన్‌లో ముందు రాత ఉన్న కాగితపు చుట్ట దగ్గరికి వెళ్లండి. భాష రాదని టెన్షన్ వద్దు, బాగా వేగంగా రాసిన గొలుసుకట్టు రాతను చైనావాళ్లే చాలామంది చదవలేరు. కుడివైపు పైనుంచి మొదలుపెట్టి కిందికి రండి, తర్వాత ఎడమ వరుస. మొదటి అక్షరం నల్లగా, నిండుగా ఉంటుంది. నాలుగైదు అక్షరాలు గడిచేసరికి సిరా తగ్గి, గీత మధ్యలో తెల్లటి చారలు తేలతాయి. వీటిని చైనావాళ్లు ‘ఎగిరే తెలుపు’ అంటారు. అంతలో మళ్లీ చిక్కటి నలుపు. కుంచె సిరాలో మునిగింది అక్కడే. ఒక్కో వరుసలో ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టండి. ముగ్గేస్తూ చెయ్యి తటపటాయిస్తే పిండి కుప్పగా పడుతుంది కదా, ఇక్కడా చెయ్యి ఆగినచోట సిరా ఉబ్బుతుంది.

ఇక రొయ్యల బొమ్మలు. చీ బైషి (1864–1957) హునాన్ పల్లెలో పుట్టి, వడ్రంగం చేసి, తర్వాత చిత్రకారుడైన మనిషి. బల్ల మీద గిన్నెలో రొయ్యల్ని పెట్టుకుని చూసేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలో కాళ్ల సంఖ్య తగ్గిస్తూ వచ్చాడు. అసలు బొమ్మ దొరక్కపోతే పెద్ద ప్రింటు చాలు.

ఒంటి మీద కణుపుల మధ్య చూడండి, సన్నటి లేత గీత కనిపిస్తుంది. అది ఎవరూ గీసింది కాదు. రెండు తడి గీతలు ఆనుకున్నచోట నీరే అలా వదిలేసింది. తల లేత సిరాతో వేసి, అది ఆరకముందే లోపల ఒక నల్ల గీత పెడతారు. దాని అంచులు కరిగి, తల గాజులా పారదర్శకంగా కనిపిస్తుంది. నేను మొదటిసారి ఆ గీతకు కాస్త ఆలస్యం చేశాను. లేత సిరా ఆరిపోయి, నలుపు అతికించినట్టు కూర్చుంది. రొయ్య కాదు, మసి పూసుకున్న పురుగు తయారైంది! అన్నట్టు, ఆ బొమ్మలో నీళ్లు ఎక్కడా గీయలేదు, గమనించారా?

చిత్రకారుడు షూ బెయ్‌హోంగ్ (1895–1953) గుర్రాల బొమ్మల దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు, జూలు, తోక చూస్తే చాలు. పారిస్‌లో చదివి, 1940లో శాంతినికేతన్‌లో కూడా ఉన్న ఈయన కండల్ని కొలిచినట్టు వేసినా, తోక దగ్గర మాత్రం ఎండు కుంచెను ఒక్క విసురు విసిరాడు.

ఇంటిపని: లావుపాటి వాటర్‌కలర్ కుంచె, నల్ల సిరా, పాత న్యూస్‌పేపరు తీసుకోండి. కుంచెను ఒక్కసారే ముంచి, సిరా పూర్తిగా అయిపోయేదాకా ‘అ’ రాస్తూ పోండి. తెల్ల చారలు మొదలైన అక్షరం పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒక షీటు నెమ్మదిగా, ఒకటి వేగంగా. ఆ షీట్లు పారేయకండి, వచ్చే పాఠంలో చిత్రకారుడి పేరున్న ఎర్ర ముద్ర ఎక్కడ వేయాలో వాటి మీదే చూద్దాం.