మొండికేసిన క్రాంక్‌షాఫ్ట్ బోల్టును ఇంటి దగ్గరే విప్పడం

విశాఖపట్నంలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు పక్క వీధుల్లో నిలిపే కార్లకు ఉప్పుగాలి వల్ల తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి, ముందుగా ఇంజిన్ ప్రధాన ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) చివర పుల్లీని, అంటే బెల్టు తిరిగే చక్రాన్ని, బిగించి ఉంచే ఈ బోల్టు తలను వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నాననివ్వాలి. ఉదయం బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్ గేర్ల బండిని టాప్ గేరులో ఉంచి, ఒకరిచేత బ్రేకు గట్టిగా తొక్కించాలి. ఆటోమేటిక్ అయితే పుల్లీని కదలకుండా పట్టే పరికరం అవసరం. ఆరు పలకల సాకెట్ పూర్తిగా దిగిందని చూసుకొని, పొడవాటి బ్రేకర్ బారుకు (బిగుసుకున్న బోల్టులు విప్పే పిడికి) ఇనుప గొట్టం తొడిగి, సాధారణంగా అపసవ్య దిశలో, క్రమంగా బరువు మోపాలి: మీటరు దూరంలో 40 కిలోల బరువు దాదాపు 400 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. బోల్టు ‘టక్’మని వదిలినప్పుడు, మొదటిసారి వినేవారికి ఏదో విరిగిందనే అనిపిస్తుంది. బారును అడ్డుపెట్టి, స్టార్టర్ మోటారుతో ఇంజిన్ తిప్పి బోల్టు ఊడదీసే చిట్కా ప్రమాదకరం. వదులవుతుందని బోల్టుకు మంట పెడితే పుల్లీ వెనుక ఉండే ఆయిల్ సీల్ (నూనె కారకుండా ఆపే రింగు) మాడిపోవచ్చు.