వానలకు ముందు మీ కారు మీరే చూసుకోవాలనుకుంటే...

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కారు వైపర్ రబ్బర్లు అంతదాకా కూడా ఆగవు, ఏప్రిల్‌లోనే అంచులు గట్టిపడి చీలిపోతాయి. ఎండాకాలమంతా బయట నిలబెట్టిన బండికి బ్యాటరీ నీళ్లు తగ్గుతాయి, టైర్ల పక్కల మీద సన్నటి బీటలు పడతాయి. ఎండ కాసినన్నాళ్లూ ఇవేవీ పట్టించుకోం. మృగశిర వచ్చి మొదటి గట్టి వాన కొట్టిన రాత్రి అన్నీ కలిసి బయటపడతాయి. అందుకే మే నెలాఖరులో చాలామంది "ఈసారికి మనమే చూసుకుందాం" అని ఒక పానాల సెట్టు తెప్పించుకుని సెల్లార్‌లోకి దిగుతారు.

దిగడం మంచిదే. బండి కిందా పైనా ఏముందో తెలిసినవాణ్ని గ్యారేజీలో ఎవరూ తేలిగ్గా బురిడీ కొట్టించలేరు. కాకపోతే కొత్తవాళ్లకి దెబ్బ తగిలేది పెద్ద పనుల్లో కాదు. మొదటి వారమే ఇంజిన్ విప్పే సాహసం ఎవరూ చెయ్యరు. వైపర్ మార్చడం, బ్యాటరీ విప్పడం, స్టెప్నీ వెయ్యడం, ఆయిల్ దింపడం లాంటి పావుగంట పనుల్లోనే అద్దాలు పగులుతాయి, బోల్టుల మరలు చెడతాయి, వేళ్లు నలుగుతాయి. వీటికి కండబలం అక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలిస్తే చాలావరకు గండం గడిచినట్టే.

ముహూర్తం సంగతి

ఆదివారం సాయంత్రం మొదలుపెట్టకండి. అందరూ ఆ పూటే మొదలుపెడతారు, అందరూ ఆ పూటే ఇరుక్కుంటారు. ఒక వాషర్ నలిగినా, కొన్న ఫిల్టర్ సైజు తేడా వచ్చినా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ ఆ వేళకి చాలా షట్టర్లు దించేసి ఉంటాయి. ఆయిల్ దింపేసిన బండి షాపుదాకా కూడా రాదు. పనిదినం పొద్దున్నే, ఎండెక్కకముందు మొదలుపెడితే వెలుతురూ ఉంటుంది, పక్క వీధి మెకానిక్కూ ఉంటాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్లడానికి బైకో బస్సో ఉందో లేదో ముందే చూసుకోండి. తెల్లారేసరికి బండి తయారవ్వాలన్న తొందరలోనే బోల్టులు అడ్డంగా ఎక్కుతాయి.

వారంటీలో ఉన్న కొత్త బండి అయితే ఆయిల్, ఫిల్టర్ల జోలికి పోవద్దు. టైర్లలో గాలి, వైపర్లు, వాషర్ నీళ్లు చూసుకోవడం వరకు మీ ఇష్టం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు తొడుగున్న కేబుల్ కనిపిస్తే అది అధిక వోల్టేజీది. దాన్ని తుడవడానికి కూడా చెయ్యి పెట్టకండి. సెల్లార్‌లో గానీ షట్టర్ మూసిన గదిలో గానీ ఇంజిన్ నడుపుతూ పనిచెయ్యకండి. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరుగుతోందని తెలిసేసరికి లేచి బయటికొచ్చే ఓపిక ఉండకపోవచ్చు.

జాకీ మీద నిలబడ్డ బండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మిగతా పొరపాట్లన్నీ డబ్బుతో పోయేవి, ఇదొక్కటి మనిషితో పోయేది.

బండితోపాటు వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. దాని మీద ఎత్తిన బండి కింద తలగానీ చెయ్యిగానీ పెట్టకూడదు. "ఒక్క నిమిషం, ఆ బోల్టు ఎక్కడుందో చూసొస్తా" అన్నా సరే. కిందికి దూరే పని ఉంటే కడ్డీ తాళం ఉన్న జాక్ స్టాండ్లు కావాలి, లేదా చక్రాలు ఎక్కించే ర్యాంపులు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి కింద పడుకునేవాళ్లు మన వీధుల్లో చాలామందే ఉన్నారు. ఇటుక విరిగే ముందు చప్పుడు చెయ్యదు.

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. సెల్లార్ ర్యాంపు మీద వద్దు. ఎండకి మెత్తబడిన తారు మీదా, వానకి నానిన మట్టి మీదా జాకీ పాదం ఒకవైపు దిగబడుతుంది. తప్పదనుకుంటే కింద మందపాటి చెక్క వెయ్యండి. హ్యాండ్ బ్రేక్ వేశాం, గేర్లో పెట్టాం, ఇంకేం కదులుతుందిలే అనుకోవద్దు. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువభాగం ముందు చక్రాలతో నడిచేవి. ముందు చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే గేరు పట్టు పోయినట్టే. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఉత్తినే తిరుగుతుంటే నేల మీదున్నది దొర్లుతుంది. హ్యాండ్ బ్రేక్ పనిచేసేది మామూలుగా వెనక చక్రాల మీద, కాబట్టి వెనక చక్రం ఎత్తితే దాని పట్టు సగానికి పడిపోతుంది. ఎత్తే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలనేది అందుకే.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చెయ్యాలి. ఎత్తాక పానా వేసి తొక్కితే ఆ ఊపుకి బండి జాకీ మీంచి జారుతుంది. జాకీ ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. తలుపుల కింద అంచులో దానికోసం రెండు గాట్లుంటాయి, వాటి మధ్యే ఆనాలి. లేదంటే రేకు లోపలికి సొట్టపోతుంది, ఒక్కోసారి ప్లాస్టిక్ తొడుగు పెళుక్కున విరుగుతుంది. తీసిన టైరుని బండి కిందికి పడుకోబెట్టి నెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

బిగించేటప్పుడు మొదటి నాలుగు చుట్లూ వేళ్లతోనే తిప్పాలి. తర్వాత ఒక నట్టు, దానికి ఎదురుగా ఉన్నది, ఇలా మార్చి మార్చి బిగించాలి. చివరి బిగింపు బండి దించాకే. పానా మీద ఎక్కి నిలబడితే గట్టిగా ఉంటుందనుకోవడం భ్రమ, నట్టు ఎక్కే స్టడ్డు సాగిపోతుంది. ఎంత బిగించాలో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లకి సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే లెక్కగా బిగించొచ్చు. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడండి.

టైరు చేతిలో ఉండగానే గాడి లోతు చూడండి. చట్ట ప్రకారం 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అంత అరిగిన టైరు వాన నీళ్ల మీద తేలుతుంది, అందుకే 3 మిల్లీమీటర్లకే మార్చేయడం మేలు. గాలి ఎంతో టైరు మీద రాసి ఉన్న అంకె చూసి కొట్టించకండి, అది టైరు తట్టుకోగల గరిష్ఠం. మీ బండికి కావాల్సింది డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద ఉంటుంది.

ఆయిల్ దింపేవాళ్లకి

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి. కాగుతున్న ఆయిల్ బోల్టు ఊడగానే మణికట్టు మీదుగా మోచేతిదాకా కారుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. ఇంజిన్ డ్రెయిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్‌ది విప్పుతారు. బయటికొచ్చిన ఆయిల్ నల్లగా లేకపోయినా "బాగానే ఉందే" అని మురిసిపోయి, పైనుంచి ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోస్తారు. ఇంజిన్‌లో రెట్టింపు, గేర్‌బాక్స్‌లో సున్నా. అలా నాలుగు కిలోమీటర్లు నడిపినా ఆ బిల్లు ఏడాది మెకానిక్ ఖర్చుని మించుతుంది. మీ మోడల్‌కి ఏ బోల్టు ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, అప్పుడే పానా వెయ్యండి.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు కూడా వచ్చిందో లేదో చూడండి. అది ఇంజిన్‌కే అతుక్కుని ఉండగా కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది, అదీ ఇంజిన్ వేగం అందుకున్నాకే. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వెయ్యండి. బోల్టు మొదట వెనక్కి తిప్పి, మర కూర్చున్నట్టు తెలిశాక ముందుకి తిప్పండి. చాలా బండ్లకి కింద ఆయిల్ నిలిచే సంపు అల్యూమినియంది, ఇనుప బోల్టు అడ్డంగా ఎక్కితే మర మొత్తం పోతుంది.

చిన్న పెట్రోల్ ఇంజిన్లకి సుమారు 3 నుంచి 3.5 లీటర్లు పడుతుంది. డబ్బా తెరిచాం కదా అని 4 లీటర్లూ ఒంపెయ్యకండి. పట్టే కొలతలో అర లీటరు మిగిల్చి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి, ఆపి, కాసేపాగి ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూసి మిగతాది పొయ్యండి. ఎక్కువైన ఆయిల్‌ని ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగులకి తడి అందదు. బీఎస్ 6 డీజిల్ బండికి మాన్యువల్‌లో చెప్పిన రకమే కావాలి, మామూలు ఆయిల్ బూడిదతో పొగ ఫిల్టర్ మూసుకుపోతుంది.

దించిన ఆయిల్‌ని గుమ్మాలకి చెదలు పట్టకుండా పూసే అలవాటు మనవాళ్లకి ఉంది. అది మానేస్తేనే మంచిది, వాడిన ఆయిల్ ఒంటికి పడేది కాదు. చేతికి గ్లవ్స్ వేసుకోండి. కాలవలో పోస్తే తొలి వానకే చెరువు చేరుతుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి.

బానెట్ కింద చిన్న పనులు

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఈ వరస తిరగబడితే పాజిటివ్ మీదున్న పానా బాడీకి తగిలి వెల్డింగ్ చేసినట్టు మెరుస్తుంది. ఉంగరం, గొలుసు, స్టీలు గడియారం తీసి పక్కన పెట్టండి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, అదీ గుర్తు దాకానే. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు, అక్కడ హైడ్రోజన్ ఉంటుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వెయ్యండి. నీలం స్థానంలో నీలం, అంటే 15కి 15. పసుపుది 20, అది వేస్తే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది.

రేడియేటర్ మూత వేడి మీద తిప్పడం గురించి ఎంత చెప్పినా ఏటా ఎవరో ఒకరు ముఖం కాల్చుకుంటూనే ఉంటారు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులైన క్షణంలో ఆవిరై ఎగజిమ్ముతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. తగ్గింది కదా అని బోరు నీళ్లు పొయ్యకండి. ఉప్పు బోర్లున్న ఊళ్లలో బిందె అడుగున పట్టే తెల్లపొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌ని రంగు చూసి కలపడం కూడా పొరపాటే, రంగులకి అన్ని కంపెనీల్లో ఒకే అర్థం లేదు. తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది, వేళ్లు, చున్నీ కొస జాగ్రత్త.

పాత వైపర్ బ్లేడు ఊడదీశాక ఖాళీ ఆర్మ్‌ని ఎత్తి అలా వదిలేస్తారు. చెయ్యి తగిలిందా, స్ప్రింగు బలంతో అది అద్దాన్ని కొట్టి నెర్రె తెస్తుంది. వందల రూపాయల బ్లేడుకి వేల రూపాయల అద్దం. కింద మడతపెట్టిన తువ్వాలు పరిచాకే మొదలుపెట్టండి. హెడ్‌లైట్ హాలోజెన్ బల్బు గాజుని వేలితో ముట్టకండి, వేలి జిడ్డు ఉన్నచోటే వేడెక్కి పోతుంది. కాగితపు ఎయిర్ ఫిల్టర్‌ని కడిగి ఆరేసేవాళ్లూ ఉన్నారు, దులపడమో మార్చడమో తప్ప మూడో దారి లేదు. ఇంజిన్ మీద ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టకండి.

బ్రేకుల విషయంలో నా మాట కాస్త కఠినంగానే ఉంటుంది. తెలిసినవాళ్లు పక్కన లేకుండా మొదటి ఏడాది వాటిని విప్పొద్దు. ప్యాడ్లు మార్చి, పెడల్ కొన్నిసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోకుండా బండి కదిపి గోడకి గుద్దినవాళ్లు చాలామంది. కొత్త ప్యాడ్లకోసం, వాటిని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెట్టాక మొదటి తొక్కుడుకి పెడల్ ఖాళీగా నేలకంటుతుంది మరి. మీరు చెయ్యగలిగింది బానెట్ కింద డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ మట్టం చూడటం. తగ్గితే వెంటనే పోసెయ్యకండి. ప్యాడ్లు అరిగితే మట్టం అదే దిగుతుంది, లేదా ఎక్కడో కారుతోంది. రెండూ మెకానిక్ చూడాల్సినవే.

నీళ్లలో ఆగిపోతే

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలోనూ వీధుల్లో నిలిపిన కార్లు మునిగిపోయాయి. నీళ్లు తీశాక "చూద్దాం, స్టార్ట్ అవుతుందేమో" అని సెల్ఫ్ కొట్టడంతోనే అసలు నష్టం జరుగుతుంది. నీరు గాలిలా అణగదు. సిలిండర్‌లో నీరుండగా పిస్టన్ పైకొస్తే దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో నడుస్తూ ఆగినా, పార్కింగ్‌లో మునిగినా తాళం తిప్పొద్దు. నీళ్లు తగ్గి, నిలబడ్డ చోట కరెంటు భయం లేదని తేల్చుకున్నాక బ్యాటరీ నెగటివ్ విప్పి, నీళ్ల మట్టం తెలిసేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి పిలవండి.

మామూలు సమగ్ర పాలసీలో ఇలా చెడిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉండాలి. దాన్ని ఎక్కువగా పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్ అప్పుడో కలుపుకోవాలి. మీ రెన్యువల్ జూన్, జులైలో ఉంటే పానాలు తియ్యకముందే ఆ కాగితం తీసి చూడండి.