మెడికల్ థ్రిల్లర్ ఎలా చదవాలి: ఒక థియేటర్ సిస్టర్ పద్ధతి

"పెద్దమ్మా, తెల్లవార్లూ మేలుకుని చదువుతావే, ఆ ఆస్పత్రి నవలల్లో ఏముంటుంది? నేను నలభై పేజీలు చదివి పక్కన పడేశాను. అన్నీ నోరు తిరగని రోగాల పేర్లే" అంది మా చెల్లెలి కూతురు. 31 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని నేను. నైట్ డ్యూటీలో ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్య దొరికే ఖాళీలో పట్టుకున్న పిచ్చి ఇది. ఆ పిల్లకి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పుస్తకం ఎంచుకోవడం. అట్ట మీద సిరంజీ రక్తపు చుక్కా కనపడగానే కొనేయకండి. వెనక్కి తిప్పి, రాసినవాళ్లు ఏం చదువుకున్నారో చూడండి. ఈ రకం నవలలకు పేరు తెచ్చిన రాబిన్ కుక్ కళ్ల డాక్టరు. మైఖేల్ క్రైటన్ హార్వర్డ్‌లో వైద్యం చదివాడు. టెస్ గెరిట్‌సన్ కూడా డాక్టరే. డాక్టర్లు కానివాళ్లు రాయకూడదని కాదు. కానీ రాత్రి 3 గంటలకు వార్డు ఎలా ఉంటుందో, పెద్ద సర్జన్ ముందు జూనియర్ తప్పు కనిపెట్టి కూడా ఎందుకు నోరు మెదపడో లోపల తిరిగినవాళ్లకే బాగా తెలుస్తుంది.

మొదటి పుస్తకంగా రాబిన్ కుక్ 1977లో రాసిన 'కోమా' పట్టుకోండి. బోస్టన్‌లో ఒక పెద్ద ఆస్పత్రి. చిన్నచిన్న ఆపరేషన్లకు నడిచి వచ్చిన ఆరోగ్యవంతులు మత్తులోంచి లేవరు. "ఎందుకు?" అని ఒక మెడికల్ స్టూడెంట్ అమ్మాయి అడగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి దానికి కష్టాలు. మరుసటి ఏడాది దాన్ని సినిమాగా తీసింది కూడా డాక్టరు చదువు చదివిన ఆ క్రైటనే. సినిమా ముందు చూడకండి. నా కాపీ విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల్లో దొరికింది. తీరా చివరి ఎనిమిది పేజీలు లేవు. ఇంకో కాపీ దొరికేదాకా రెండు నెలలు నేను పడిన టెన్షన్ ఆ హీరోయిన్ కూడా పడలేదు. పాత పుస్తకం కొనేముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి. చూడండి చాలు, చదవొద్దు.

అన్నీ ఇంగ్లీషే కదా అనేవాళ్లకు ఒక మాట. డాక్టర్ కొమ్మూరి వేణుగోపాలరావు గారి 'హౌస్ సర్జన్' ముందు చదవండి. అది థ్రిల్లర్ కాదు. కానీ ఆస్పత్రి లోపలి బతుకు తెలుగులో అలవాటయ్యాక, ఇంగ్లీషు పుస్తకంలో సగం బెరుకు పోతుంది.

రోగాల పేర్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. డిక్షనరీ తీయకండి. పేరు పొడుగ్గా ఉంటే మొదటి అక్షరం గుర్తుపెట్టుకుని ముందుకి పొండి. కథకి అది నిజంగా కావలసినదైతే, రాసినవాడే ఎవరో ఒక బంధువు చేత "అంటే ఏమిటి డాక్టర్?" అని అడిగిస్తాడు.

పేర్లకన్నా తెలుసుకోవలసింది గది. హత్య జరిగిన ఇంటికి ఎన్ని తలుపులో తెలియకుండా డిటెక్టివ్ నవల చదివితే ఏం మజా? ఇక్కడ ఆ ఇల్లు ఆపరేషన్ థియేటర్. రోగి తల దగ్గర మత్తు డాక్టరు, ఆయన పక్కన మత్తు గ్యాసులు ఇచ్చే మెషీన్, మేం బాయిల్స్ అంటాం. గోడలోంచి గ్యాసు పైపులు, అవి పనిచేయకపోతే వాడటానికి సిలిండర్లు. మన దగ్గర ఆక్సిజన్ సిలిండర్ నల్లగా ఉండి భుజాలు తెల్లగా ఉంటాయి, మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్‌ది నీలం రంగు. రంగు చూడకుండా తగిలించేస్తే? దానికీ అడ్డం ఉంది. మెషీన్ మీద చిన్న పిన్నులు, సిలిండర్ మీద వాటికి సరిపోయే బెజ్జాలు. ఆక్సిజన్‌కి 2, 5 స్థానాలు, నైట్రస్‌కి 3, 5. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. తాళం, తాళంచెవి అన్నమాట. ఇది తెలిశాక పుస్తకంలో ఎవడైనా గ్యాసు మార్చాడని రాస్తే "పిన్నులు ఎలా దాటాడు?" అని అడుగుతారు. పిన్నులు సిలిండర్ దగ్గరే ఉంటాయి, గోడ వెనక పైపులో కాదు. మంచి రచయిత ఆ వెనక సందు వెతుక్కుంటాడు. చెడ్డ రచయితకి పిన్నులున్నాయనే తెలియదు.

పుస్తకం వచ్చిన ఏడాది కూడా చూసుకోవాలి. వేలికి పెట్టే క్లిప్ ఉందే, పల్స్ ఆక్సీమీటర్, దాని సూత్రం జపాన్ ఇంజనీరు టకువో అయోయగి 1970లలో కనిపెట్టాడు. థియేటర్లలోకి అది బాగా వచ్చింది 1980లలో. అంటే 'కోమా' నాటికి రోగి గోళ్లూ పెదాలూ నీలం తిరిగాయా, నాడి ఎలా ఉంది అని మనుషులే కనిపెట్టి చూడాలి. "ఇప్పుడైతే ఆ కథ నడవదు, క్లిప్ పట్టేస్తుంది" అంటారు చాలామంది. ఆ పుస్తకంలో జరిగేదాన్ని మామూలు క్లిప్ ఈ రోజుకీ పట్టుకోలేదు. ఎందుకో చెప్పను.

ఇంక అసలు సంగతి. ఈ నవలల్లో భయం విలన్‌తో రాదు, సంతకంతో వస్తుంది. థియేటర్లోకి తీసుకెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తాం. గాజులు, పుస్తెలు, కట్టుడు పళ్లు తీయించేస్తాం. పేరు బదులు బెడ్ నంబరు. ఆ తర్వాత మనిషి ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పడుకుని, అంకెలు లెక్కపెడుతూ నిద్రలోకి జారిపోతాడు. ఎంత నమ్మకం కావాలి దానికి! దెయ్యాల బంగళాకి వెళ్లకుండా ఉండొచ్చు. అపెండిక్స్ చీముపడితే ఆస్పత్రికి వెళ్లకుండా ఎలా ఉంటారు? అందుకే కత్తులూ వెంటాడడాలూ ఉన్న పేజీలు గబగబా తిప్పేసినా ఫరవాలేదు. ఎవరో మామూలుగా సెలైన్ మార్చే పేజీ దగ్గర ఆగండి.

నా అనుభవమే చెప్తాను. నేను పనిచేసిన ఒకచోట డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్సూ (మెడ విరిచి వాడే చిన్న గాజు బుడ్లు) పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్సూ ఒకే ట్రేలో ఉండేవి. రెండూ 10 ఎం.ఎల్., రెండూ నీళ్లలాగే ఉంటాయి. పొటాషియాన్ని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే మందు, నేరుగా రక్తనాళంలోకి పొడిస్తే గుండె ఆగుతుంది. ఒక తెల్లవారుజామున పౌడర్ ఇంజెక్షన్‌లో నీళ్లు కలపడానికి ఆంప్యూల్ తీసి మెడ విరిచాను. అలవాటు కొద్దీ పేరు ఇంకోసారి చదివాను. చేతిలో ఉన్నది నీళ్లు కాదు. ఏమీ జరగలేదు, ఎవరికీ తెలియదు కూడా. పొద్దున్నే రెండింటినీ వేరు బీరువాల్లో పెట్టించాను. ఆ ఒక్క క్షణాన్ని మూడువందల పేజీలు సాగదీస్తే మెడికల్ థ్రిల్లర్.

అనుమానితుల్ని పట్టుకోవాలంటే చేతిలో పెన్సిల్ పెట్టుకోండి. నేను అట్ట లోపలి వైపు రాసుకుంటాను: మందు ఎవరు తీశారు, ఎవరు ఎక్కించారు, కేస్ షీట్‌లో ఎవరు రాశారు, ఎన్ని గంటలకి. సాక్షి అబద్ధం చెప్తే మొహంలో తెలుస్తుందేమో, కేస్ షీట్ అబద్ధం టైములో తెలుస్తుంది. 2.10కి చనిపోయిన మనిషికి 2.30కి బి.పి. రాసి ఉంటే ఇంకేం కావాలి?

"ఈ విషం జాడ దొరకదు" అని పుస్తకంలో ఎవరైనా అంటే వెంటనే ఒప్పేసుకోవద్దు. 1957లో ఇంగ్లండ్‌లో కెన్నెత్ బార్లో అనేవాడు భార్యని ఇన్సులిన్‌తో చంపాడు. మా వృత్తివాడే, నర్సు. ఇన్సులిన్ దొరకదని వాడి ధీమా. సూది గుచ్చిన చోట కండలోంచి దాన్ని తీసి చూపించారు, వాడికి శిక్ష పడింది. తర్వాతి కాలంలో ఇంకో దారీ దొరికింది. మన ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దానితోపాటు సి-పెప్టైడ్ అనేది కూడా వస్తుంది. సీసాలో ఇన్సులిన్‌కి ఆ తోడు ఉండదు. రక్తంలో ఇన్సులిన్ కొండంత, సి-పెప్టైడ్ ఆవగింజంత ఉంటే బయటి నుంచి వచ్చిందేమో అని అనుమానించాలి.

అవయవాల దొంగతనం కథలంటే నాకు చిరాకు. మత్తు మందు పెట్టి కిడ్నీ కోసుకుపోయారంటారు. ఎవరికి పెట్టడానికి? బ్లడ్ గ్రూపు కలవాలి, ఇద్దరి రక్తం ఒకదానికొకటి పడుతుందో లేదో క్రాస్ మ్యాచ్ చూడాలి, అవతల ఇంకో థియేటర్, ఇంకో టీము సిద్ధంగా ఉండాలి. గుండెకైతే నాలుగైదు గంటలే గడువు. మన దేశంలో అవయవాల అమ్మకాన్ని నేరం చేస్తూ 1994లోనే చట్టం వచ్చింది. అయినా దొంగలున్నారు, కాదనను. కానీ నిజంగా జరిగే మోసంలో గొడ్డలి కన్నా ఫోర్జరీ కాగితాలే ఎక్కువ. ఆ కాగితాలతో కథ నడిపిన రచయితకి నేను దండం పెడతాను.

ఎప్పుడు చదవకూడదో కూడా చెప్పాలి. ఆపరేషన్ ముందురోజు రాత్రి వద్దు. ఒక కాలేజీ కుర్రాడు హెర్నియాకి వచ్చి రాత్రంతా ఇలాంటిదే చదివాడు. పొద్దున బి.పి. చూస్తే అదిరిపడ్డాం. మత్తు డాక్టరు గారు దిండు కింద పుస్తకం లాగి, "నాది ఇందులో ఏ వేషం?" అని అడిగారు. కుర్రాడు నవ్వాక బి.పి. దిగింది. పుస్తకం మాత్రం ఆయన తిరిగివ్వలేదు.

మా పిల్ల మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి 'కోమా'తో. మొన్న ఆదివారం రాత్రి 11.40కి ఫోన్.

"పెద్దమ్మా, ఆ క్లిప్ రక్తం రంగు చూసే కదా చెప్పేది? మరి రక్తం ఎర్రగానే ఉండి, అందులో ఆక్సిజన్ లేకపోతేనో?"

"ఎన్నో పేజీలో ఉన్నావే?"

"తొంభై."

"పుస్తకంలో వాళ్లు ఇంకా అంతదూరం రాలేదు. పడుకో."

"ఉండు, వంటింట్లో గ్యాస్ కట్టేశానో లేదో చూసొస్తాను."